‘ఎవరు చేశారు?’ అని కాదు, ‘ఏమి జరిగింది?’ అని అడుగుదాం
చేతబడి నమ్మకం – మన ఆరోగ్యం – మన విశ్వాసం

చదువవలసిన వాక్యభాగాలు: యోహాను 9:1-7, అపొస్తలుల కార్యములు 19:18-20, యెషయా 38:21



ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు వైపుల నుంచి, కొల్లేటి లంక గ్రామాల నుంచి ఆసుపత్రికి వచ్చే కుటుంబాలు జబ్బు వివరాలన్నీ చెబుతారు కాని, ఒక మాట మాత్రం చివరి దాకా దాచుకుంటారు. ఇక లేచి వెళ్ళబోతూ గొంతు తగ్గించి, “ఎవరో చేయించారని మా వాళ్ళు అంటున్నారండి” అంటారు. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. మాతో చెప్పడమే మంచిది. అయితే ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది, మనుషులకు ఇది ఎందుకు కావలసి వచ్చింది, దీనివల్ల ఎవరికి నష్టం జరుగుతోంది అన్నది మనమందరం కలిసి ఆలోచించాలి. ఈ పాఠం అందుకోసమే.

ఒకే భయం, ఎన్నో పేర్లు

కోస్తా జిల్లాలలో మనం ‘చేతబడి’ అంటాం, ‘ప్రయోగం’ అంటాం. తూర్పు గోదావరి, విశాఖ ఏజెన్సీ ప్రాంతాలలో ‘చిల్లంగి’ అంటారు. తెలంగాణలో ‘బాణామతి’ అంటారు. తిండిలో ఏదో కలిపి పెట్టారని అనుమానం వస్తే ‘పెట్టుడు మందు’ అంటారు. చీకట్లో చెరువు గట్టు మీద నుంచి వచ్చిన మనిషికి జ్వరం వస్తే ‘గాలి సోకింది’ అంటారు. పిల్లవాడు పాలు తాగకపోతే ‘దిష్టి తగిలింది’ అంటారు. ‘తులసిదళం’ వంటి నవలలు వచ్చాక ‘కాష్మోరా’ అనే మాట కూడా ఇంటింటికీ తెలిసింది.

ఇది మన ఊళ్ళలో పుట్టిన భయం కాదు. ఇంచుమించు 3,700 ఏళ్ళ క్రితం బబులోను రాజు హమ్మురాబి వేయించిన శిలాశాసనంలో, మొదటి చట్టాలలోనే, మంత్రప్రయోగం చేశాడని ఒకరి మీద నేరం మోపితే ఏమి చేయాలో రాసి ఉంది. మన దేశంలో అధర్వణ వేదకాలం నుంచి ‘అభిచారం’ అనే మాట వినబడుతోంది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1912లో దక్షిణ భారతదేశపు శకునాలు, మూఢనమ్మకాల మీద ప్రచురించిన పుస్తకంలో తెలుగు ప్రాంతాల సంగతులు కూడా ఉన్నాయి. చదువుకున్నవారు, చదువుకోనివారు, అన్ని మతాలవారు ఈ భయాన్ని మోస్తూ వచ్చారు. గనుక నమ్మినవారిని వెక్కిరించడం వల్ల ప్రయోజనం లేదు.

మనిషికి ఈ నమ్మకం ఎందుకు?

ఇవాన్స్ ప్రిచర్డ్ అనే ఆంగ్లేయ పండితుడు ఆఫ్రికాలో అజాండే అనే ప్రజల మధ్య ఉండి, వారి మంత్రవిద్య నమ్మకాల గురించి 1937లో ఒక పుస్తకం ప్రచురించాడు. అక్కడ ధాన్యపు కొట్టు కూలి, దాని నీడన కూర్చున్నవారి మీద పడుతుంది. చెదలు తినడం వల్ల గుంజలు విరిగాయని వారికి బాగా తెలుసు. అయినా, “సరిగ్గా వీళ్ళు కూర్చున్న సమయానికే ఎందుకు కూలింది? వీళ్ళ మీదే ఎందుకు పడింది?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు వారు చెప్పుకొనే జవాబు మంత్రవిద్య.

మన ఇళ్ళలోనూ అంతే. పాము కరిచిందని అందరికీ తెలుసు. కాని, “పదిమంది పడుకుంటే నా బిడ్డనే ఎందుకు కరిచింది?” అని తల్లి ఏడుస్తుంది. ఆ దుఃఖానికి డాక్టరు చెప్పే కారణం సరిపోదు. అప్పుడు ఎవరో ఒకరు, “మొన్న ఫలానా ఆమె మీ గుమ్మంలో నిలబడి చూసింది కదా” అంటారు. దుఃఖానికి ఒక పేరు దొరుకుతుంది, కోపానికి ఒక మనిషి దొరుకుతుంది. అలా దొరికే మనిషి ఎవరో గమనించండి. చాలాసార్లు ఆమె ఒంటరిగా ఉన్న విధవరాలు, ముసలామె, లేదా గట్టు తగాదా ఉన్న పొరుగువాడు, ఆస్తి పంపకంలో మాట పడిన దాయాది.

మన కొల్లేటి సీమ నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు రోజులు మబ్బు పట్టి ఉంటుంది. తెల్లవారుజామున వెళ్ళి చూస్తే చెరువులో చేపలు నోళ్ళు తెరిచి నీటిపైకి తేలుతుంటాయి. పక్క చెరువు బాగానే ఉంటుంది. ఇది ఎవరి కన్నో పడి జరిగిందని అనుకోవచ్చు. కాని ఇవాళ చేపల రైతు అలా అనుకుని ఊరుకోడు. ఎండ లేనప్పుడు నీటిలోని నాచు తగినంత ప్రాణవాయువు తయారు చేయలేదని, రాత్రంతా అదే నాచు, చేపలు కలిసి ఉన్న ప్రాణవాయువును వాడేస్తాయని అతనికి తెలుసు. పరుగెత్తి ఏరియేటర్లు వేస్తాడు, మేత ఆపుతాడు, నీరు మార్పిస్తాడు. ‘ఎవరు చేశారు?’ అని వెతుకుతూ కూర్చుంటే గంటలో చెరువంతా పోతుంది. చెరువు విషయంలో మనకున్న ఈ తెలివి, మన బిడ్డ మంచం పట్టినప్పుడు ఎక్కడికి పోతోంది?

క్రైస్తవ దేశాలు నేర్చుకున్న పాఠం

“ఇవన్నీ మన దేశంలోనే ఉన్నాయి” అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. ఐరోపాలో 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం వరకు మంత్రగత్తెలన్న నేరం మీద ఇంచుమించు 40,000 నుంచి 60,000 మందిని చంపారని చరిత్రకారుల అంచనా. వారిలో ఎక్కువమంది స్త్రీలు. నిర్గమకాండములోని ఒక వచనాన్ని పట్టుకుని న్యాయాధిపతులు, బోధకులు కూడా ఆ పని చేయించారు. మనం దీన్ని దాచుకోకూడదు.

ఆ చీకటిలోనూ కొందరు నిజం పలికారు. యోహాన్ వేయర్ అనే వైద్యుడు 1563లో ఒక గ్రంథం ప్రచురించి, మంత్రగత్తెలని పట్టుకుంటున్న స్త్రీలలో చాలామంది మనోవ్యాధితో బాధపడుతున్న అభాగ్యులని, వారికి కావలసింది వైద్యమని వాదించాడు. ఫ్రెడరిక్ స్పే అనే జర్మను గురువు 1631లో తన పేరు వేయకుండా ఒక పుస్తకం ప్రచురించాడు. చిత్రహింస పెడితే ఎవరైనా ‘నేనే మంత్రగత్తెను’ అని ఒప్పుకుంటారని, అలాంటి ఒప్పుకోలు సాక్ష్యం కాదని అందులో రాశాడు.

అమెరికాలోని సేలం అనే ఊరి కథ మనకు మరీ దగ్గరగా ఉంటుంది. 1692 ఆరంభంలో అక్కడి పాస్టరుగారి ఇంట్లోని బాలికలకు మూర్ఛల వంటివి రాసాగాయి. కేకలు వేసేవారు, ఒళ్ళు మెలికలు తిప్పేవారు. వైద్యుడికి కారణం అందలేదు. ఇది దుష్టశక్తి పని అన్నారు. ఇక ఊరంతా ‘ఎవరు చేశారు?’ అని వెతికింది. 150 మందికి పైగా జైలు పాలయ్యారు. 19 మందిని ఉరి తీశారు. ఒక వృద్ధుడిని బండల కింద నొక్కి చంపారు. ఐదేళ్ళయ్యాక, 1697 జనవరిలో, తమ పాపం కోసం ఆ ప్రాంతమంతా ఉపవాస దినం ఆచరించింది. తీర్పు చెప్పిన జ్యూరీ సభ్యులలో 12 మంది, తాము పొరబడ్డామని సంతకాలు చేసి క్షమాపణ కోరారు. కాని చనిపోయినవారు తిరిగి రాలేదు.

ఏలూరు ఏమి చేసింది?

ఇప్పుడు మన ఊరి సంగతి చూద్దాం. 2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్ ప్రాంతంలో మనుషులు ఉన్నట్టుండి కూలిపోసాగారు. ఫిట్స్ వచ్చాయి, నోట నురగ వచ్చింది, కొద్దిసేపు స్పృహ తప్పింది, కొందరికి తలనొప్పి, వాంతులు అయ్యాయి. కొద్ది రోజులలోనే 600 మందికి పైగా బాధితులు తేలారు. పిల్లలు, పెద్దలు, ఆడవారు, మగవారు అన్న తేడా లేదు. మొదటి రోజులలోనే ఒక మరణం కూడా జరిగింది. కోవిడ్ కాలం కావడంతో భయం రెట్టింపయింది.

సేలంలో జరిగిందీ ఇలాంటిదే కదా! ఉన్నట్టుండి మూర్ఛలు, వైద్యులకు వెంటనే అందని కారణం. కాని ఇక్కడ డాక్టర్లు, ప్రభుత్వం ‘ఎవరు?’ అని అడగలేదు, ‘ఏమిటి?’ అని అడిగారు. ఢిల్లీ, మంగళగిరి ఎయిమ్స్ సంస్థలు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఇంకా పలు సంస్థల నిపుణులు వచ్చారు. రక్తం, నీరు, పాలు, కూరగాయల నమూనాలు తీశారు. కొందరి రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయని ఎయిమ్స్ చెప్పింది. కూరగాయలలో, రక్తంలో పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని పరీక్షలు తెలిపాయి. ప్రధాన కారణం పురుగుమందులే అయి ఉండవచ్చని డిసెంబరు నెల మధ్యకు నిపుణులు అభిప్రాయపడ్డారు, ఇంకా లోతుగా పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. బాధితులలో ఎక్కువమంది ఒకటి రెండు రోజులలోనే కోలుకుని ఇళ్ళకు వెళ్ళారు.

కారణం వెంటనే తెలియకపోవడం వేరు, కారణం లేకపోవడం వేరు. ఏలూరు మనకు నేర్పిన పాఠం ఇది. కారణం తెలియని నాలుగు రోజులు ఓపిక పట్టి వైద్యం చేయించుకుంటే ప్రాణం నిలుస్తుంది. ఆ నాలుగు రోజులలో పొరుగింటి మీదికి వెళ్తే రెండు ఇళ్ళు పోతాయి.

ఇలా పోయిన ఇళ్ళు మన రెండు రాష్ట్రాలలోనూ ఉన్నాయి. మంత్రం చదవకుండా ఉండాలని పళ్ళు ఊడగొట్టడం, చెట్టుకు కట్టి కొట్టడం, ఊరి నుంచి వెళ్ళగొట్టడం వంటివి ఎన్నోసార్లు జరిగాయి. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను చంపారు. 2024లో మెదక్ జిల్లా రామాయంపేట మండలంలో ఒక స్త్రీ ఇదే అనుమానానికి మంటలలో బలి అయింది. బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో మంత్రగత్తెలన్న పేరుతో హింసించడాన్ని నిషేధిస్తూ ప్రత్యేక చట్టాలు చేశాయి. మన దగ్గర కూడా ఇలా ఒకరిని కొట్టడం, గాయపరచడం, బెదిరించడం 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం శిక్షార్హమైన నేరమే.

చేతబడి అని పొరబడే జబ్బులు

కింది లక్షణాలు కనబడితే తాయెత్తు కోసం తిరగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరలోని ఆసుపత్రికి తీసుకురండి.

1. కట్లపాము కాటు: ఇది ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. పెద్దగా నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, ఊపిరి అందకపోవడం మొదలవుతాయి. ‘రాత్రి గాలి సోకింది’ అని పొరబడేది ఇక్కడే. విరుగుడు ఇంజెక్షను, అవసరమైతే కృత్రిమ శ్వాస ఇస్తే బ్రతుకుతారు.

2. గర్భిణికి గుర్రపువాతం: చేతులు, ముఖం వాయడం, విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, ఆ తరువాత ఫిట్స్ వస్తాయి. ఇది బి.పి. పెరగడం వల్ల వస్తుంది. తల్లీబిడ్డ ఇద్దరి ప్రాణాలకూ ముప్పు. ప్రతి నెలా బి.పి. చూపించుకోవాలి.

3. బాలింతకు మనసు చెదరడం: కాన్పు అయిన రెండు మూడు వారాలలోపు నిద్ర పట్టకపోవడం, తనలో తాను మాట్లాడుకోవడం, బిడ్డను చూసి భయపడడం, ఎవరో చంపుతారనడం. దీనికి మంచి వైద్యం ఉంది. ఆమెను, బిడ్డను ఒంటరిగా వదలకండి.

4. మూర్ఛ: మెదడులో విద్యుత్ ప్రవాహం ఒక్కసారిగా గతి తప్పడం వల్ల ఫిట్స్ వస్తాయి. పంది బద్దెపురుగు గుడ్లు మురికి చేతుల ద్వారా, కడగని కూరగాయల ద్వారా కడుపులోకి చేరి, మెదడులో తిత్తులు కట్టడం కూడా ఒక కారణం. చాలామందికి రోజూ మాత్రలు వాడితే ఫిట్స్ అదుపులో ఉంటాయి.

5. సారా మానిన మూడో రోజు: ఎన్నో ఏళ్ళుగా తాగేవారు ఉన్నట్టుండి మానితే రెండు మూడు రోజులకు వణుకు, చెమటలు పడతాయి, లేని పురుగులు, మనుషులు కనబడతారు. దయ్యం పట్టిందనుకుంటారు. ఇది ప్రాణాపాయం. ఆసుపత్రిలో ఉంచి మాన్పించాలి.

6. పురుగుమందు ప్రభావం: పొలంలో మందు కొట్టి వచ్చిన మనిషికి నోట చొంగ, చెమటలు, కండరాలు అదరడం, మగత. బట్టలు తీసేసి, ఒళ్ళు సబ్బుతో కడిగి వెంటనే తీసుకురండి.

7. షుగరు పడిపోవడం: షుగరు మాత్రలు వేసుకుని అన్నం తినకుండా చెరువు పనికో పొలానికో వెళ్ళినవారు తికమకగా మాట్లాడతారు, ఎదురు తిరుగుతారు, పడిపోతారు. స్పృహ ఉంటే పంచదార నీళ్ళు తాగించండి. స్పృహ లేకపోతే నోట ఏమీ పోయకండి.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, ఉల్లిపాయ వాసన చూపించడం వద్దు. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని మీద ఒకటి వస్తున్నా ఆలస్యం చేయవద్దు.

ఇంకొక మాట. అన్ని పరీక్షలూ బాగున్నా కొందరు స్త్రీలు, చదువుకునే ఆడపిల్లలు ఊగిపోతారు, మాట పడిపోతుంది, స్పృహ తప్పుతుంది. 1980లలో మెదక్ జిల్లా గ్రామాలలో బాణామతి పేరుతో కనబడిన బాధలలో ఇలాంటివి ఎన్నో. వారు నటించడం లేదు. నోటితో చెప్పుకోలేని బాధ ఒంటి మీదికి వస్తుంది. భర్త తాగి కొట్టడం, ఇష్టం లేని పెళ్ళి, పరీక్షల భయం, తీరని దుఃఖం ఏదో ఒకటి లోపల ఉంటుంది. వేపమండలతో కొడితే ఆ బాధ పోదు. కూర్చోబెట్టి వినేవారు కావాలి. మనసుకు సంబంధించిన ఏ ఇబ్బందికైనా 2022లో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మంత్రగాడి ‘మహిమలు’

పసుపు, సున్నం కలిస్తే నీళ్ళు ఎర్రబడతాయి. ఇది ప్రతి ఇల్లాలికీ తెలుసు. మందారపువ్వు రుద్దిన కత్తితో నిమ్మకాయ కోస్తే రసం ఎర్రగా వస్తుంది. దాన్నే ‘రక్తం’ అంటారు. కొబ్బరి పీచులో పొటాషియం పర్మాంగనేట్ దాచి దాని మీద గ్లిజరిన్ చుక్కలు వేస్తే కొద్దిసేపటికి దానంతటదే అంటుకుంటుంది. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఇలాంటివి ఊరూరా చేసి చూపించారు.

ఈ గారడీతో డబ్బు పోతే పోనీ అనుకోవచ్చు. వాతలు పెట్టడం, మిరపకాయల పొగ పట్టడం, ‘పెట్టుడు మందు కక్కిస్తాం’ అని పసరు తాగించడం మాత్రం ఒంటికి చేటు. వాంతులు, విరేచనాలతో నీరసించి మూత్రపిండాలు దెబ్బతింటాయి. అన్నిటికంటే పెద్ద నష్టం కాలం. మూడు శుక్రవారాలు, ఐదు అమావాస్యలు గడిచేసరికి కుదిరే జబ్బు కుదరని జబ్బు అవుతుంది.

వాక్యం ఏమి నేర్పుతోంది?

“బైబిలులో మంత్రగాళ్ళు ఉన్నారు కదా?” అని మన సంఘాలలో అడుగుతారు. నిజమే. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం అలాంటివారి దగ్గరకు వెళ్ళవద్దని చెబుతుంది. అంటే, మనం సోదె అడగడానికి, విరుగుడు చేయించడానికి వెళ్ళకూడదు. పొరుగువారి మీద నేరం మోపమని అక్కడ లేదు. ఎఫెసులో విశ్వాసులు ఏమి చేశారో అపొస్తలుల కార్యములలో చదవండి. మాంత్రిక విద్య అభ్యసించినవారు తమ పుస్తకాలే తెచ్చి కాల్చుకున్నారు. ఎవరి ఇల్లూ కాల్చలేదు.

పుట్టు గుడ్డివాడిని చూసి శిష్యులు కూడా మనలాగే ‘ఎవరు?’ అని అడిగారు. పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అన్నది వారి ప్రశ్న. ప్రభువు ఎవరి పేరూ చెప్పలేదు. బురద చేసి కన్నులకు పూసి, సిలోయము కోనేటికి పంపి, బాగుచేశాడు. హిజ్కియాకు స్వస్థత కలుగుతుందని దేవుడు వాగ్దానం చేసిన తరువాత కూడా, యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమన్నాడు. ప్రార్థన, వైద్యం ఒకదానికొకటి పోటీ కాదు. మందులు మాని ప్రార్థించమని చెప్పే వారి మాట వినకండి. మందులు వేసుకుంటూ ప్రార్థించండి.

ముఖ్యంగా సంఘపెద్దలకు ఒక మనవి. ప్రార్థన కూటంలో ‘మీకు దగ్గరివారే చేయించారు’ అని ఒక్క మాట అంటే, ఆ రాత్రి ఒక తోడికోడలు, ఒక అత్తగారు, ఒక ఒంటరి ముసలామె దోషి అవుతుంది. ఆ మాట తిరిగి తీసుకోలేము. ఎవరిపైనైనా ఇలాంటి పుకారు పుడితే, సంఘం ముందుగా ఆమె ఇంటికి వెళ్ళి కూర్చోవాలి, ఆమె చేతి మంచినీళ్ళు అందరి ఎదుటా తాగాలి. బెదిరింపులు వస్తే 112కి ఫోన్ చేయాలి.

కుటుంబాలలో చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. మన ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు మొదటి రోజు ఏమి చేశాం? ఆసుపత్రికి రావడానికి ఎన్ని రోజులు పట్టింది?

2. మన వీధిలో జనం తప్పించుకుని తిరిగే మనిషి ఎవరైనా ఉన్నారా? ఈ ఆదివారం ఆ గుమ్మం ఎక్కడానికి మనలో ఎవరు సిద్ధం?

3. యోహాను 9వ అధ్యాయంలో శిష్యులు అడిగిన ప్రశ్నకూ, మనం జబ్బు మంచం దగ్గర అడిగే ప్రశ్నకూ పోలిక ఏమిటి?

4. కారణం ఇంకా తెలియని రోజులలో రోగికి, ఇంటివారికి మనం చేయగల సహాయం ఏమిటి?

మన ప్రాంతంలోని ప్రతి రోగికి సకాలంలో వైద్యం అందును గాక. ఏ నిర్దోషి మీదా నింద పడకుండును గాక. దేవుడు మీ కుటుంబాలను కాపాడి దీవించును గాక.